నేను లెక్కపెట్టని అడ్డుమాటలు

2010 మార్చి 17, బుధవారం. అమెరికాలో, నోవై అనే ఊళ్లో మా అబ్బాయి ఇంట్లో ఉదయం పదకొండు గంటలకు నా లెక్కలో తప్పుందని తెలిసింది. ఎవరూ పట్టుకోలేదు, నా అంతట నాకే తట్టింది. ఆ లెక్క మీద మా కోడలి అయిదేళ్ల చదువు నిలబడి ఉంది.

నేను 1968 నుంచి 2001 వరకు, ముప్పై మూడేళ్లు, హైదరాబాదులో శాసనసభ రిపోర్టరుగా పనిచేశాను. సభ్యులు మాట్లాడేది షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, మా గదికి వచ్చి మామూలు రాతలోకి విప్పడం మా పని. స్పీకరు పిలిచి మైకు ఇచ్చినవారి మాట రాయాలి. పిలవకుండా లేచినవారిదీ, కూర్చున్నచోటి నుంచి అరిచినవారిదీ వదిలెయ్యాలి. 'ఇది రికార్డుకు ఎక్కదు' అని స్పీకరు అనగానే నా పెన్సిలు ఆగిపోయేది. కొన్నేళ్లకు ఆయన అననక్కర్లేకుండానే ఆగేది.

మా కోడలు వరంగల్లు పిల్ల. ఇక్కడి యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఐర్లండ్ పార్లమెంటు ఎగువ సభలో ఏ పార్టీకీ చెందని సెనేటరు ఒకాయన 2002 నుంచి 2007 దాకా చర్చల్లో ఏం మాట్లాడాడు, ఎన్నిసార్లు మాట్లాడాడు, పార్టీ అండ లేని మనిషి మాటకు సభలో చోటెలా దొరికింది అన్నది ఆమె పరిశోధన. వరంగల్లు పిల్లకు ఐర్లండుతో ఏం పని అని మా చుట్టాలు ఫోన్లలో అడిగేవారు. నేను అడగలేదు. సభ ఎక్కడిదైనా నాకు తెలిసిన వంటిల్లే.

2009 సెప్టెంబరు 14న ఆమె పదకొండు బైండర్లు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. అయిదేళ్ల చర్చల అచ్చుప్రతులు.

"అత్తమ్మా, పొద్దంతా టైం పాస్ అయితలేదంటున్నరు కదా. ఈయన పేరు పేజీలో కనిపించినప్పుడల్లా ఒక గీత పెట్టండి. తారీఖు, సబ్జెక్టు రాయండి. అంతే."

"కంప్యూటర్ చెయ్యదా ఆ పని?"

"చేస్తది. మీ అంత మంచిగ చెయ్యదు."

పొగడ్త అని తెలిసినా పడిపోయాను. రోజుకు నాలుగు గంటల చొప్పున డెబ్బై ఒక్క రోజులు పట్టింది. ఆమె చెప్పింది చెప్పినట్టు మాత్రం చెయ్యలేదు. సభాధ్యక్షుడు పిలిచినప్పుడు ఆయన మాట్లాడినవాటికే గీతలు పెట్టాను. మంత్రి మాట్లాడుతుంటే మధ్యలో లేచి అన్న మాటలు, ఒక్కోసారి ఒక్క వాక్యం, ఒక్కోసారి రెండు ముక్కలు, వాటినన్నిటినీ దాటుకుంటూ పోయాను. వాళ్ల రికార్డు ఆ మాటలను కూడా ఆయన పేరుతోనే అచ్చువేస్తుంది. అది నాకు వాళ్ల అశ్రద్ధలాగా కనిపించింది. నేను మరింత పద్ధతిగా చేస్తున్నాననుకుని, ఆ సంగతి కోడలికి చెప్పలేదు.

మార్చి 5న ఆమె తన థీసిస్‌ను పరీక్షకుల కమిటీకి పంపేసింది. వాళ్ల ముందు నిలబడి దాన్ని సమర్థించుకునే పరీక్ష, డిఫెన్స్, మార్చి 26, శుక్రవారం. ఒహాయోలో ఒక కాలేజీ ఆమెకు పాఠాలు చెప్పే ఉద్యోగం ఇస్తామంది, మే నెలలో డిగ్రీ చేతికొస్తేనే. రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

17న ఆమె రిహార్సల్ చేసింది. టీవీ మీద స్లైడ్లు. నేను సోఫాలో, చేతిలో వంటింటి టైమరు. నాలుగో అధ్యాయం దగ్గర ఆమె అంది, మొదటి ఏడాది నూట ఎనభై ఎనిమిది సార్లు మాట్లాడిన సెనేటరు చివరి ఏడాది నలభై ఒక్కసారే మాట్లాడాడు, పార్టీ లేని సభ్యుణ్ణి సభ మెల్లగా అలసిపోయేట్టు చేస్తుంది, ఇదే దానికి రుజువు.

నాకు తొమ్మిదో బైండరులో ఒక పేజీ గుర్తొచ్చింది. ఆస్పత్రుల మీద చర్చ. మంత్రి మాట్లాడుతుంటే ఈయన ఒక్క పేజీలో నాలుగుసార్లు అడ్డుపడ్డాడు. అధ్యక్షుడు నాలుగుసార్లూ కూర్చోమన్నాడు. అది చదివి నవ్వుకున్నది కూడా గుర్తుంది. అలసిపోయిన మనిషి పేజీకి నాలుగుసార్లు లేవడు.

కోడలు ముగించి నా వైపు చూసింది. "ఎట్లుంది?"

"పద్దెనిమిది నిమిషాల నలభై సెకన్లు," అన్నాను. "ఇరవై దాటలేదు."

అప్పుడే చెప్పాల్సింది.

మర్నాడు ఆమె యూనివర్సిటీకి వెళ్లగానే మొదటి ఏడాది, చివరి ఏడాది బైండర్లు దించాను. ఈసారి తారీఖు, సబ్జెక్టు రాసే పని లేదు, వదిలేసిన మాటలు ఏరడమే. మధ్యాహ్నం మూడున్నర దాకా లేవలేదు. అన్నం వండలేదు. మొదటి ఏడాది పిలిస్తే మాట్లాడినవి నూట ఎనభై ఎనిమిది, అడ్డుమాటలు ఇరవై రెండు, మొత్తం రెండు వందల పది. చివరి ఏడాది పిలిస్తే మాట్లాడినవి నలభై ఒకటి, అడ్డుమాటలు నూట అరవై మూడు, మొత్తం రెండు వందల నాలుగు. ఆయన గొంతు తగ్గనే లేదు. ఏ పార్టీకీ చెందనివాళ్లకు కలిపి ఇచ్చే కాసిని నిమిషాల్లో సగం తోటి స్వతంత్ర సభ్యులకు పంచుతూ, తన వంతు పోయాక పక్క నుంచి మాట్లాడుతూ వచ్చాడు. అదంతా పేజీల్లోనే ఉంది. నేనే దాటేశాను.

నాలుగింటికి కోడలు వచ్చి, బూట్ల మంచు దులుపుకుంటూ వంటింట్లోకి చూసింది.

"ఏంది అత్తమ్మా, పొయ్యి వెలగలే ఇయ్యాల?"

"కూర్చో అమ్మాయ్. నా లెక్కలో తప్పుంది."

"ఎన్ని?"

"చివరి ఏడాదికే నూట అరవై మూడు."

ఆమె నవ్వింది. "మీరు ఉప్పు కూడా తూచి వేస్తరు. జోక్ చెయ్యకండి." నేను నవ్వకపోయేసరికి కాగితాలు లాక్కుని చూసింది. కోటు కూడా విప్పలేదు. చాలాసేపు చూసింది.

"పేరు కనిపించినప్పుడల్లా అని చెప్పిన కదా మీకు."

"చెప్పావు."

"మరి?"

"మా సభలో అవి రికార్డుకు ఎక్కవు."

"ఇది మీ సభ కాదు అత్తమ్మా." గొంతు పెంచకుండానే అంది. నాకు ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆరింటికి మా అబ్బాయి వచ్చాడు. కార్ల కంపెనీలో ఇంజినీరు. విషయం విని కుర్చీ వెనక్కి వాల్చాడు.

"ఆ పదకొండు బైండర్లు కమిటీలో ఎవరు తిరగేస్తారు? డిఫెన్స్ అవనియ్యండి. తర్వాత జర్నల్‌కి పంపేటప్పుడు ఫిక్స్ చేసుకోవచ్చు."

వాడు చెప్పింది వద్దనడానికి నాకు హక్కు లేదు.

కోడలు బల్ల మీద గీతల కాగితాన్ని అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది. చివరికి అంది, "నేనూరుకున్నా మీ అమ్మ ఊరుకోరు. మధ్యలో లేచి చెప్పేస్తరు."

"అమ్మ ఎక్కడా మధ్యలో లేవదు," అన్నాడు మా అబ్బాయి. "ముప్పై మూడేళ్ల ట్రాక్ రికార్డ్."

ఆమె అప్పుడే ఫోను తీసి తన ప్రొఫెసరుకు చేసింది. ఆవిడ అంతా విని, డిఫెన్స్ వాయిదా వేస్తే మే నెల గడువు దాటిపోతుందనీ, రెండేళ్ల కొత్త లెక్క, తప్పు ఎలా జరిగిందో వివరం సోమవారానికల్లా కమిటీలో అందరికీ పంపమనీ చెప్పింది. ఒప్పుకుంటారో లేదో తాను చెప్పలేనంది. ఆ వారమంతా కోడలు నా మీద కోపం చూపలేదు. కాఫీ ఎప్పటిలాగే ఇచ్చింది, ఎదురుగా కూర్చుని తాగడం మాత్రం మానేసింది.

26న డిఫెన్స్ గదిలో పొడుగు బల్ల, దాని చుట్టూ కోడలు, నలుగురు పరీక్షకులు. గోడవార ఆరు కుర్చీలు చూడ్డానికి వచ్చినవారికి. మూడో దాంట్లో నేను. అధ్యక్షత వహించినాయన ముందే చెప్పాడు, చూడ్డానికి వచ్చినవారు మాట్లాడకూడదని. నాకు ఆ మాట చెప్పనక్కర్లేదు.

మొదటి ముప్పావుగంట బాగానే నడిచింది. తర్వాత మందపాటి కళ్లద్దాలు పెట్టుకున్న పరీక్షకుడు సోమవారం అందిన కాగితం పైకెత్తాడు. అడ్డుమాటలు తీసేసిన లెక్కతో అధ్యాయం మొత్తం రాశారు, ఒక్కసారైనా మీరు ఆ పేజీలు తెరిచి సరిచూశారా అని అడిగాడు.

"లేదు. సరిచూడాల్సింది. ఆ బాధ్యత నాది," అంది కోడలు ఇంగ్లీషులో.

"ఈ అధ్యాయం సరిచూడనివారు మిగతావి సరిచూశారని నేనెలా నమ్మాలి?"

ఆమె నీళ్ల గ్లాసు అందుకుంది, తాగలేదు. నేను లెక్కపెట్టాను. పదకొండు సెకన్లు.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యా, మిగతా అధ్యాయాలను నేను ముట్టుకోలేదు. నేను లెక్కపెట్టింది ఇదొక్కటే," అన్నాను. నా ఇంగ్లీషు శాసనసభ ఇంగ్లీషు, గట్టిగానే వినిపించింది.

"మేడం, దయచేసి కూర్చోండి," అన్నాడు అధ్యక్షుడు.

కూర్చున్నాను. ముప్పై మూడేళ్లు సభలో ఉండి ఒక్క మాట మాట్లాడనిదాన్ని. చేసిన చెరుపు చాలక ఇది కూడా చేశానే అనుకున్నాను.

కోడలు నా వైపు తిరగలేదు. గ్లాసు కింద పెట్టి, నిదానంగా మొదలుపెట్టింది. ఇప్పుడు మాట్లాడినావిడ మా అత్తగారు, శాసనసభ రిపోర్టరుగా రిటైరయ్యారు. ఆవిడ సభ నియమం ప్రకారం ఆవిడ ఇప్పుడన్నది జరగనట్టే లెక్క. ఐర్లండ్ రికార్డు ప్రకారమైతే అది ఆవిడ పేరుతో అచ్చవుతుంది, ఆ కింద మీరు కూర్చోమన్నది కూడా. వంతు దొరకని మనిషి చర్చలో ఎలా పాల్గొంటాడో తెలియాలంటే రెండో రకం రికార్డే కావాలి. నా పాత అధ్యాయం మొదటి రకంతో రాశాను, అందుకే అది తప్పు.

కళ్లద్దాలాయన నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు.

మమ్మల్ని బయటికి పంపారు. కారిడార్‌లో ఇద్దరం ఒకే బెంచీ మీద, మధ్యలో ఆమె బ్యాగు. ఇరవై ఆరు నిమిషాలు.

"ఎక్కడా లేవరన్నడు మీ కొడుకు," అంది ఆమె గోడ వైపు చూస్తూ.

"వాడి లెక్కా తప్పింది."

ఆమె పెదవి చివర కొంచెం కదిలింది. తలుపు తెరిచారు.

పాస్ చేశారు, కానీ షరతు పెట్టారు. అయిదేళ్లూ మళ్లీ లెక్కపెట్టి, నాలుగో అధ్యాయం తిరగరాసి ఏప్రిల్ 16 లోపు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే మే నెల మాట మరిచిపోవడమే.

శనివారం పొద్దున్నే నేను బైండర్లు దించుతుంటే కోడలు ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"మీరొక్కరే వద్దు. నేను చదువుతా, మీరు గీత పెట్టండి. రేపు మీరు చదవండి, నేను పెడతా."

మా ఆఫీసులోనూ అచ్చుకు పంపే ముందు అంతే చేసేవాళ్లం, ఒకరు చదవడం, ఒకరు సరిచూడడం. ఇంట్లో ఒంటరిగా కూర్చునేసరికి ఆ సంగతే మరిచాను. ఆమె యూనివర్సిటీలో పాఠాలు చెప్పే గంటలు పోను మిగిలిన సమయమంతా ఆ బల్ల దగ్గరే గడిచింది. నేను అలవాటుగా ఏ అడ్డుమాటనైనా మింగబోతే ఆమె వేలు ఆ వాక్యం మీద ఆగేది. "ఇదీ ఆయనే అత్తమ్మా." గీత పెట్టేదాన్ని. అయిదో రోజుకు ఆ వేలు అవసరం తగ్గింది. ఆరో రోజు ఆమె రెండు కప్పులు తెచ్చి, ఒకటి నా ముందు పెట్టి, రెండోది తను తాగుతూ చదివింది.

ఏప్రిల్ 13, మంగళవారం, మధ్యాహ్నం రెండు నలభైకి మా గీతల పట్టికలో నిలువు వరసల మొత్తం వచ్చింది. అయిదేళ్లకు కలిపి వెయ్యీ ముప్పై ఏడు. అధ్యాయం అప్పటికే తిరగరాసి ఉంది. అంకెలు పెట్టడమే మిగిలింది. పెట్టి, ఆమె మౌస్ మీద చెయ్యి వేసింది.

"పంపాలా?"

"అడ్డంగా కూడా కూడి చూద్దాం."

"అత్తమ్మా, గడువు పదహారు."

"ఇవాళ పదమూడే కదా."

ఆమె మౌస్ వదిలేసి పెన్సిలు తీసుకుంది. అడ్డంగా కూడాం. వెయ్యీ ముప్పై ఏడు.

"ఇప్పుడు పంపు," అన్నాను.