ముందు పక్క చాప

"ఆవిడ మిరపకాయలు ఆవిడ చూసుకుంటుంది అత్తయ్యగారూ, మీరు ముందు కిందికి దిగండి!"

"ఆవిడ ఊళ్లో లేదుగా. కూచిపూడిలో కూచుని ఇక్కడ మేడ మీద ఎండబెట్టిన కాయలెలా ఎత్తుతుంది?"

"మొన్న మన బట్టల తాడు తెంపి అవతల పారేసినప్పుడు మనకో మాట చెప్పిందా? ఇవాళ మీరు మోకాళ్లు అరగదీసుకుని ఆవిడ కాయలు మొయ్యాలా?"

"తాడు సంగతి తాడుది, కాయల సంగతి కాయలది. దుప్పటి అటు కొస పట్టుకో."

కోడలు సుజాత కొస పట్టుకోలేదు. ఫోను తెచ్చి నా మొహం ముందు పెట్టింది. రేపు తెల్లవారుజాము నుంచి ఉరుములతో వాన, ఆపైన రెండు రోజులు ఎండ తగ్గుతుందని అందులో ఉందట. "రేపటి మాట కదండీ, ఇప్పుడేం తొందర? అయినా రెండు రోజులు చల్లబడితే హాయిగా ఉంటుంది" అంది. చల్లబడుతుందంటే సంతోషించేవాళ్లు వేరు, గుండె గుభేలుమనేవాళ్లు వేరు. భవానీపురంలో మా మేడ మీదికి కృష్ణ వైపు నుంచి గాలి వస్తుంది. ఆ సాయంత్రం గాలి ఒక్కసారిగా తిరిగింది. మిరప ఘాటులో ఎక్కడిదో తడిమట్టి వాసన కలిసింది. ఆ వాసన ముక్కుకు తగిలితే నేనిక భవానీపురంలో ఉండను.

మూడో అంతస్తు ఆవిడ కాయలు దుప్పట్లో మూటకట్టాకే మావి కట్టాను. సుజాత సణుగుతూనే మూటలు దింపింది. మెట్ల మీద ఆగి, "పోనీ, ముందు మనవి ఎత్తొచ్చుగా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మెట్ల మీద జవాబు చెప్పలేకపోయాను. వాన ఫోను చెప్పిన వేళకే వచ్చింది, ఇప్పుడూ కురుస్తోంది. మూడో తరగతితో ఆగిన చదువు నాది. అయినా ఈ జవాబు రాసి పెట్టాలనిపించింది.

పెళ్లయి సముద్రపు ఒడ్డు ఊరికి వచ్చేనాటికి నాకు పదిహేడేళ్లు. మా పుట్టిల్లు కొల్లేటి గట్టు మీద. మంచినీటి చేప తెలుసు గానీ సముద్రపు చేపను ఇసుకలో ఎండబెట్టడం తెలియదు. మగవాళ్లు వేటకు వెళ్లి తెచ్చిన నెత్తళ్లను, అంటే వేలెడంత సన్న చేపలను, తాటాకు చాపల మీద పరిచి ఎండబెట్టడం ఆడవాళ్ల పని. నా చాప పక్క చాప మంగమ్మది. వరసకు నాకేమీ కాదు. ఊరంతా అత్తా అంటుంటే నేనూ అన్నాను. భర్త లేడు, పిల్లలు లేరు. ఎండిన సరుగుడు కర్రలా పొడుగ్గా ఉండేది. నన్నిప్పుడు అందరూ పిసినారి అంటారు గానీ, వాళ్లు మంగమ్మత్తను చూడలేదు. వల చిరిగితే చుట్టకుదురు చేసేది. అదీ అరిగితే గిన్నెలు తోమే పీచయ్యేది.

ఆమెకు చిన్న రేడియో ఒకటి ఉండేది. ఉప్పుగాలికి పాడవుతుందని బియ్యపు డబ్బాలో దాచేది. పొద్దున వార్తల వేళకు మాత్రం బయటికి తీసేది. వార్తలు ఆమెకక్కర్లేదు, చివర చెప్పే వాతావరణం కావాలి. "కోస్తాలో అక్కడక్కడ జల్లులు" అని వినబడగానే రేడియోతో దెబ్బలాటకు దిగేది.

"అక్కడక్కడ అంటే ఎక్కడయ్యా? ఊరి పేరు చెప్పడానికి నోరు రాదా?"

"నీ మాట ఆయనకు వినబడుతుందనుకుంటున్నావా అత్తా?" అని నవ్వేదాన్ని.

"నవ్వవే, నవ్వు. అక్కడక్కడ అంటే చేప ఎక్కడ పరిచి ఉంటే అక్కడని. రాసుకో, మూడు చదివావుగా!"

తిట్టేదే గానీ ఆ మాటను ఎన్నడూ తోసెయ్యలేదు. వాన అన్న రోజు చేప ఎత్తే గంపలు ముందే మోసుకొచ్చి చాపల పక్కన పెట్టేది. వాన రాకపోతే తిరిగి మోసుకెళ్లేది. ఊరికే మోశావని ఎవరైనా నవ్వితే, "మోస్తే భుజం నొప్పి. మొయ్యకపోతే సరుకే పోతుంది" అనేది.

నా మొదటి వేసవిలోనే ఓ మధ్యాహ్నం మబ్బు కమ్మింది. నా చాపకు అవతలి చాప మనిషి మంచినీళ్లకు వెళ్లింది. నేను నా చేపల మీదికి ఉరికాను. మంగమ్మత్త నా జబ్బ పట్టుకు ఆపింది.

"ఇక్కడ ఎవరు లేరో వాళ్లది ముందు."

"మరి నాదో?"

"నీది నువ్వెలాగూ వదలవు. తడుస్తున్నా ఎత్తుకుంటావు. ముందు నీది ఎత్తావా, రెండోదాని దగ్గరికి కాళ్లు సాగవు. నీకనే కాదు పిల్లా, ఎవరికైనా అంతే. అందుకే పెట్టారు ఈ కట్టుబాటు."

రెండేళ్లు ఆ కట్టుబాటు తప్పలేదు. మూడో ఏడు, ఉగాది ఇంకా వారం ఉందనగా, మంగమ్మత్త ఎన్నడూ లేనంత సరుకు పోగుచేసింది. ఆరు చాపలు పరిచింది. అది ఎండితే అమ్మి, వానాకాలం రాకముందే ఇంటికి కొత్త తాటాకు కప్పించుకోవాలని ఆమె ఆశ. అంతకుముందు ఎండిన చేప గంపెడు ఉంటే పామర్రులో అమ్ముకొస్తానని మొదటి బస్సుకు బయల్దేరింది. "రేడియో అక్కడక్కడ అంటోంది. కాస్త కనిపెట్టి ఉండవే" అంది. "నేను లేనా అత్తా, వెళ్లిరా" అన్నాను.

మధ్యాహ్నం దాటాక తూర్పున నల్లబడింది. నాలుగు రోజులు ఖాళీ వలతో తిరిగొచ్చిన మావారు ముందురోజే కాస్త సరుకు తెచ్చారు. అది నా రెండు చాపల మీదా ఉంది. ఆమె చాపల వైపు చూశాను, నా వాటి వైపు చూశాను. ఒక్కటి ఎత్తేసి అటు వెళదామనుకున్నాను. ఒకటి రెండయింది. రెండూ గంపకెత్తి, వసారాలో పెట్టి, పరుగున వచ్చి ఆమె మొదటి చాప కొస పట్టుకునేసరికి చింతపిక్కలంత చినుకులు మొదలయ్యాయి. నా చేతుల కిందే ఆరు చాపలూ ముద్దయ్యాయి.

సాయంత్రం బస్సు దిగి తడిసిపోయి వచ్చింది. నేనే ఎదురెళ్లాను. "ఒక్కసారిగా వచ్చి పడింది అత్తా, ఏదీ అందలేదు" అన్నాను. నా వెనక వసారాలో నా గంప పొడిగా ఉంది. ఆమె దాన్ని చూసింది. "నీదైనా మిగిలిందిగా. పోన్లే" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఏడు తాటాకు కప్పించలేదు. శ్రావణమంతా వాన పడినప్పుడల్లా గోడ అవతల ఆమె ఇంట్లో గిన్నెల్లో చుక్కలు పడే చప్పుడు వినబడేది. ఏ మూల ఏ గిన్నె పెట్టిందో చప్పుడును బట్టి చెప్పగలిగేదాన్ని. ఆ తర్వాత మేము ఆ ఊళ్లో ఉన్నన్నేళ్లూ, నేను చాపల దగ్గర లేనప్పుడు వచ్చిన వానకు నా చేప ఒక్కసారి కూడా తడవలేదు. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. "అత్తా, ఆ రోజు..." అంటే చాలు, "ఆ ఉప్పు ఇటు పట్రా" అనో, "గాలి తిరిగింది చూడు" అనో పని పురమాయించేది. తెలిసే మాట మళ్లించిందో, నిజంగా పనే గుర్తొచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు.

మావారికి బెజవాడ చేపల మార్కెట్లో పని దొరికి ఇటు వచ్చేశాం. వెళ్లి, ఎదురుగా కూచుని, ఉన్నదున్నట్టు చెప్పాలనుకుంటూనే ఉన్నాను. ఒక ఏడు బస్సు ఛార్జీలు దండగని ఆగాను. ఆ ఏడే ఆమె పోయింది. జీవితంలో ఎన్నో ఆదా చేశాను, దేనికీ బాధపడలేదు, ఆ ఒక్కదానికి తప్ప. ఈ ఫోను ఊరి పేరు చెబుతుంది, వేళ కూడా చెబుతుంది. దీనితో మంగమ్మత్త ఏమని దెబ్బలాడేదో ఒక్కసారి వినాలని ఉంటుంది.

ఆనాడు ఊళ్లో ఆ వాన పడ్డ మర్నాడు తెల్లవారేసరికి ఆకాశం కడిగినట్టుంది. వాసన పట్టిన ఆరు చాపల సరుకునూ మంగమ్మత్త కొబ్బరిచెట్ల మొదట్లో పాతిపెట్టింది. చేతులు కడుక్కుని మా వాకిట్లోకి వచ్చింది. నేను తలుపు చాటున ఉన్నాను. ఆమె వసారాలోంచి నా గంప తనే ఎత్తుకుని ఇసుకలోకి నడిచింది. ఆమెకు ఆరబెట్టుకునేందుకు ఏమీ లేదు. నా చాప పరిచి, నా నెత్తళ్లు ఒక్కొక్కటే విడదీసి సర్దసాగింది. నేను వెనకాలే వెళ్లి నిలబడ్డాను. తల ఎత్తకుండానే, "నిలబడ్డావేమే? వంగు, ఎండ పోతోంది" అంది.

వంగాను.