నాలుగింటికి రావలసిన మబ్బు

ఇరవై ఒక్క ఏళ్లప్పుడు మనిషికి తనమీద తనకుండే నమ్మకం ఆ తర్వాత ఏ వయసులోనూ ఉండదు. ఆ రోజుల్లో నాకది కాస్త ఎక్కువే ఉండేది. యూనివర్సిటీలో ఎం.ఏ. మొదటి ఏడాది. ఎవరూ చెప్పకుండా తన పని తాను చేసుకోగలిగినవాడే అసలైన నాయకుడని మా లెక్చరరు ఒకాయన నలభై నిమిషాలు చెప్పారు (గడియారం చూసే అంటున్నాను). ఆ సాయంత్రానికే నేను నాయకురాలినైపోయాను. గంట కొడితే లేచి, గంట కొడితే తినే హాస్టలు బతుకు నాకు తగదనిపించింది. బయట గది తీసుకుని ఒక్కదాన్నే ఉంటానని, పర్చూరు దగ్గరి మా ఊరికి వెళ్లి నాన్నతో చెప్పాను.

నాన్న వెంటనే కాదనలేదు. "నిన్ను నువ్వు నడుపుకోగలవా?" అన్నాడు. "నన్నేంటి, పదిమందిని నడుపుతాను" అన్నాను. "అంత వద్దులే. రేపు తెల్లారే చీరాలలో మీ మేనత్త ఇంటికెళ్లి ఎల్లుండి సాయంత్రానికొస్తా. కల్లంలో కాయ ఆరబోసి ఉంది, చూసుకో. కాయ బాగుంటే గది. తేడా వస్తే హాస్టలు." (కాయ అంటే మిరపకాయ. మా వైపు మిగతా కాయలకే ముందు పేరు తగిలిస్తాం.)

వెంటనే ఒక అట్టమీద రెండు రోజుల పట్టిక గీశాను. అరగంటకొక గడి. పొద్దున ఆరింటికి కాయమీద కప్పిన పట్టలు తీయించడం, ఎనిమిదింటికి కాయ తిరగబోయించడం, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నా చదువు, నాలుగింటికి ఆకాశం చూడడం. మబ్బును రోజుకొకసారి చూస్తే చాలునని నా అంచనా. అట్టను కల్లం పక్కనున్న పాక గుంజకు కట్టాను. తొడిమలు తీసే ఆడవాళ్లు ఎనిమిది మంది, వాళ్లను పనికి తెచ్చే మేస్త్రమ్మతో తొమ్మిది. మేస్త్రమ్మకు చదివి వినిపిస్తే, "ఇందులో మేం మంచినీళ్లు తాగే టైము ఏదమ్మాయ్?" అంది. నిజమే, వేయలేదు. పదకొండింటికి పావుగంట దయచేశాను. ఆ రోజు గడులన్నింటికీ టిక్కులు పడ్డాయి. పని చేసింది వాళ్లు, టిక్కులు పెట్టింది నేను. ఆ తేడా అప్పుడు తట్టలేదు.

రెండో రోజు మధ్యాహ్నం రెండూ యాభైకి మేస్త్రమ్మ పాక దగ్గరికి వచ్చింది. "అమ్మాయ్, సముద్రం వైపు నల్లంగా కమ్ముకొస్తంది. కాయ కుప్పజేసి కప్పేద్దామా?"

"నాలుగింటికి చూస్తాను మేస్త్రమ్మా. ఇప్పుడు నా చదువు టైము."

"ఆ సంగతి వానకెవరు చెప్పారు తల్లీ?"

"ఒకసారి ప్రణాళిక వేసుకున్నాక మధ్యలో మార్చకూడదు" అన్నాను, పుస్తకంలోంచి తల ఎత్తకుండా.

ఆవిడ నన్నొకసారి, తూర్పునొకసారి చూసింది. నాకంటే తూర్పే నమ్మదగినదనిపించినట్టుంది. "ఒసేయ్, లేవండే! అమ్మాయిగారు చదూకుంటన్నారు. మనకు చదువు లేదుగా, మనం కప్పుదాం!" అని కేకేసింది. చినుకు పడేసరికి కాయంతా పట్టల కిందికి పోయింది. వానలోనే కొసలు లాగి రాళ్లు పెట్టి, ముద్దగా తడిసి పాకలోకి వచ్చారు. నేను కాళ్లు ముడుచుకుని చోటిచ్చాను (ఆ రోజు నేను చేసిన సాయం అదొక్కటే). నాలుగింటికి వాన వెలిసింది. పట్టిక ప్రకారం ఆకాశం చూశాను. నిర్మలంగా ఉంది.

నాలుగున్నరకు నాన్న బస్సు దిగి పరుగున వచ్చాడు. పట్ట ఎత్తి, గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఆడించాడు. లోపల ఎండు గింజ గలగలమంది, తడి తగల్లేదు. "ఎవరు కప్పించారు?" అన్నాడు. నిజం చెబితే హాస్టలే. ఈలోగా మేస్త్రమ్మే, "ఇంకెవరయ్యా, అమ్మాయే. మా చేత పరుగులు పెట్టించింది" అనేసింది. నేనూ పరుగులు పెట్టించినదానిలాగే నిలబడ్డాను.

నాన్న కొంగులు పిండుకుంటున్న తొమ్మిది మందినీ చూశాడు. మడత నలగని నా చీరనూ చూశాడు. "మంచిది, గది తీసుకో" అన్నాడు. "కాకపోతే మేస్త్రమ్మ లాంటి మనిషి ఉన్న ఇంట్లో తీసుకో."

అలాంటి ఇల్లే దొరికింది. ఇంటావిడ పొద్దున్నే తలుపు బాదేది, అన్నం చల్లారుతోందని అరిచేది, హాల్‌టికెట్టు మరిచిపోతే సందు చివరిదాకా పరుగెత్తుకొచ్చి ఇచ్చేది. అక్కడ పద్నాలుగు నెలలున్నాను. ఇప్పుడు మనవరాలు హాస్టల్లో ఉండలేనని బెంగపడితే, "నీ వయసులో నేను పద్నాలుగు నెలలు ఒక్కదాన్నే, నన్ను నేనే నడుపుకున్నాను" అంటుంటాను. నెలల లెక్క ఎప్పుడూ తప్పలేదు. మనుషుల లెక్క దగ్గరే, ఈ వయసులో కూడా, కొంచెం తగ్గించి చెబుతుంటాను.