ఒక్క వంతెన కోసం చట్టం

ఆమెను ఊరంతా వంతెనమ్మ అనే పిలిచేది. ఏరు సముద్రంలో కలిసేచోట ఆమె భర్త సొంతంగా ఓ వంతెన కట్టించాడు. పడవ హారన్ మోగితే బండ్లను ఆపి, మీట నొక్కి, వంతెనను పైకి లేపాలి. పడవ ఎవరిదైనా సరే, ముందు దారి దానిదే. ఆ ఏటి మీద అది పాత కట్టుబాటు.

ఆ కట్టుబాటు మీదే దెబ్బ కొట్టాడు మరిది. అతను ప్రభుత్వంలో రవాణా కార్యదర్శి. వంతెనను తన స్నేహితుడి కంపెనీకి అమ్మమని అన్నను అడిగాడు, ఆయన కాదన్నాడు. ఏడాది తిరక్కుండా కొత్త చట్టం వచ్చింది. పడవల కోసం లేచే ప్రైవేటు వంతెనలు లేచిన ప్రతిసారీ ప్రభుత్వానికి సుంకం కట్టాలట. రాయడం అందరికీ వర్తించేలాగే రాశాడు. దేశం మొత్తం వెతికినా అలాంటి వంతెన ఒక్కటే. హారన్ వినబడితే చాలు, కట్టాల్సిన సుంకం గుర్తొచ్చి ఆమె భర్త ముఖం మాడిపోయేది. ఒక మధ్యాహ్నం మీట మీద చెయ్యి ఉండగానే కుప్పకూలాడు.

శవం లేవకముందే మరిది పక్కన కూర్చున్నాడు. "ఇప్పుడైనా అమ్మెయ్ వదినా. ఒక్కదానివి, నీకెందుకీ తలనొప్పి?"

ఆమె ఏడుపు అక్కడితో ఆగిపోయింది. వారం తిరక్కుండా లాయరు గుమ్మం ఎక్కింది.

"సుంకం ఎక్కువగా ఉందంటే తగ్గిస్తారమ్మా," అన్నాడు లాయరు. "ఒక్కరిని గురిపెట్టి చేశారు, రాజ్యాంగానికి విరుద్ధం అంటే మాత్రం ఏళ్లు పడుతుంది."

"పట్టనీండి. తగ్గింపు నాకెందుకు? వాడు రాసింది చెల్లదని జడ్జిగారు అనాలి. వాడు నిలబడి వినాలి."

ఏళ్లే పట్టింది. పగలు మీట, వాయిదా రోజున కోర్టు బల్ల. మధ్యలో మరిది మినహాయింపు ఇప్పిస్తానని మనిషిని పంపాడు. ఆమె అతనికి కాఫీ ఇచ్చి, జవాబివ్వకుండా పంపేసింది.

తీరా తుది విచారణ రోజున ప్రభుత్వ లాయరు లేచి, చట్టాన్ని ఉపసంహరించుకున్నామనీ, ఇక కేసు మూసెయ్యవచ్చనీ చెప్పాడు.

"గెలిచాం, లేవండమ్మా," అని గొణిగాడు ఆమె లాయరు.

"తప్పించుకుంటున్నాడు. మీరు లేచి ఏదో ఒకటి చెయ్యండి."

లాయరు నిట్టూర్చి లేచాడు. ఇంతకాలం కట్టించుకున్న సుంకం వెనక్కి ఇప్పించమన్నాడు. అది ఇవ్వాలా వద్దా తేలాలంటే చట్టం చెల్లుతుందో లేదో తేల్చక తప్పదు. జడ్జి ఒప్పుకుని, కార్యదర్శిని పిలిపించాడు.

"ఈ చట్టం ఎన్ని వంతెనలకు వర్తించింది?"

"అంటే, వర్గీకరణ ప్రకారం చూస్తే..."

"ఎన్నిటికి?"

"ఒక్కదానికండి."

"రాసేటప్పుడు ఆ సంగతి మీకు తెలుసా?"

మరిది వదిన వైపు చూశాడు. ఆమె రెప్ప వెయ్యలేదు.

"తెలుసండి."

చట్టం పుట్టిననాటి నుంచీ చెల్లదని తీర్పు వచ్చింది. వరండాలో మరిది ఎదురుపడ్డాడు.

"చల్లబడ్డావా వదినా?"

"లేదయ్యా. నువ్వింకా ఆ కుర్చీలోనే ఉన్నావుగా," అని ఆమె లాయరు వైపు తిరిగింది. "తెలిసే చేశానని నోటితోనే ఒప్పుకున్నాడు. ఇక ఇతని మీద ఏం కేసు వెయ్యొచ్చో చూడండి."