ఒక్క చుక్క మామ

ఎదుటివాళ్ల వేలికి సూది గుచ్చి, ఒక్క చుక్క రక్తం తీసి చక్కెర చూస్తేగాని మామకు నిద్రపట్టదు. ఆస్పత్రి ల్యాబులో ముప్పై ఏళ్ల ఉద్యోగం. ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు.

పోస్టుమాన్ సంతకానికి పెన్ను చాపితే, "సంతకానికేం తొందర? ముందు వేలివ్వు!" అనేవాడు.

ఆయన మేనకోడలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. మనిషి చీపురుపుల్ల. ఇరవై నాలుగేళ్లకే షుగరని తేలింది.

"అడ్డమైన తీపీ తింటే రాదూ?" అంది వాళ్లమ్మ. బంధువులూ అదే పాట. ఆ పిల్ల ప్రెస్సులో కాగితపు కట్టల చాటున ఒంటరిగా తినడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే మామకు పూనకం హెచ్చింది. అమ్మమ్మను, పెద్దమ్మలను, పిన్నులను, కనబడిన ప్రతి చుట్టాన్నీ పొడిచాడు. ఓ పుట్టినరోజు విందులోనైతే సగంమంది వేళ్లు పైకెత్తుకునే తిరిగారు.

మేనకోడలికి ఒళ్లు మండింది. "నా జబ్బు ఊరంతా చాటుతున్నావా మామయ్యా?"

"అబ్బే, నాకు చెయ్యి ఊరుకోదే!" అంటూ ఆయన ఇంకో వేలు వెతుక్కుంటూ పోయాడు.

నెల తిరక్కుండా డాక్టరమ్మ తల్లీకూతుళ్లను, మామను పిలిపించి ముగ్గురికీ జన్యు పరీక్ష రాసింది. ఫలితాలు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ కాలు నిలవలేదు.

"ఒంట్లో చక్కెరను సర్దే ఓ ఎంజైములో మార్పుందమ్మా," అంది డాక్టరమ్మ, మేనకోడలితో. "మీ ముగ్గురిలోనూ ఉంది. పుట్టుకతో వచ్చింది. ఇంత చిన్న వయసులో షుగర్ రావడానికి అదీ ఓ కారణం కావచ్చు. మందులు, జాగ్రత్తలు తప్పవు. కానీ ఇది నువ్వు చేజేతులా తెచ్చుకున్నది కాదు."

"మీకెలా అనుమానం వచ్చింది?"

డాక్టరమ్మ ఓ పట్టిక చూపించింది. నలభై ముగ్గురు చుట్టాలు, వాళ్ల వయసులు, చక్కెర అంకెలు. మొదటి వరస మామదే.

ఆ పిల్ల పరుగున వరండాలోకి వచ్చింది. మామ అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా మామయ్యా!"

"ఏమీ తేలకపోతే నువ్వు ఇంకా కుంగిపోతావని. నన్ను పిచ్చోడనుకుంటే నాకేం అరిగిపోతుందే?"

ఇంటికి రాగానే అమ్మ రెండు కంచాలు పక్కపక్కన పెట్టి కూతుర్ని తన పక్కన కూర్చోబెట్టింది. ఎదురుగా ఉన్న మొగుడికేసి తిరిగి, మాన్యాలు కలిసొచ్చినంత దర్జాగా చెప్పింది:

"పిల్లనేమైనా అన్నారంటే ఊరుకోను. ఆ షుగరు మా పుట్టింటి నుంచి వచ్చింది!"