కరెంటు పడవ దుర్గ

మొగల్తూరు దగ్గర ఉప్పుటేటి ఒడ్డున లక్ష్మీదుర్గ పేరు చెబితే కొత్తవాళ్ళకు తెలియదు. కరెంటు పడవ దుర్గ అంటే చాలు, చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఆ పడవ ఆమె కసితో పెట్టిందని మాత్రం కొద్దిమందికే తెలుసు.

ఆమె భర్త సత్తియ్య, చేపల వేట సన్నగిల్లాక, రొయ్యల చెరువులకు మేత బస్తాలు చేరవేసేవాడు. దారిలేని గట్లకు పడవే గతి. అదే ఏట్లో డీజిల్ పడవ నడిపే త్రిమూర్తులు ఆ కిరాయిల మీద కన్నేశాడు. ఒకసారి, సరుకు పట్టి అమ్మే పట్టుబడికి ముందు, ఒక చెరువులో రొయ్యలు మాయమయ్యాయి. "సత్తియ్య పడవ రాత్రి ఇక్కడే చూశానండి" అని త్రిమూర్తులు రైతులకు చెప్పాడు. వాళ్ళు సత్తియ్యను గట్టు మీద మోకాళ్ళపై కూర్చోబెట్టి చెప్పులతో కొట్టారు. అన్నం క్యారేజీ పట్టుకెళ్ళిన దుర్గ అది కళ్ళారా చూసింది.

తర్వాత అసలు దొంగలు దొరికారు. తప్పయిందని ఎవరూ గుమ్మం తొక్కలేదు. సత్తియ్య మళ్ళీ ఏట్లోకి దిగలేదు. వసారాలో కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేస్తూ ఉండిపోయాడు. కిరాయిలన్నీ త్రిమూర్తులుకే దక్కాయి. కొట్టిన చేతులకంటే చెప్పిన నోటి మీదే దుర్గకు మంట. వాడి పడవ ఒడ్డెక్కేదాకా ఊరుకోకూడదనుకుంది.

దారి చూపించింది గణేష్‌బాబు అనే చెరువుల రైతు. "డీజిల్ తెట్టు ఏటి మీద తేలుతోందమ్మా. ఆ నీళ్ళే మేం చెరువుల్లోకి తోడుకుంటున్నాం. రొయ్య ఏం బతుకుద్ది?" అని ఒకరోజు ఆమె దగ్గర వాపోయాడు.

దుర్గ ఇంటికొచ్చి సత్తియ్య పడవను కడిగించింది. పాత కరెంటు మోటారు ఒకటి చవగ్గా దొరికింది. బ్యాటరీల దగ్గరే చిక్కొచ్చింది. భీమవరంలో శివరామకృష్ణ గారి బ్యాటరీల కొట్టుకెళ్ళింది.

"లిథియం అయితే తేలిక, ఎక్కువకాలం వస్తాయి. ధరే ఎక్కువ," అన్నాడాయన.

"స్పీడొస్తుందాండి? డీజిల్ పడవని దాటాలి."

"బస్తాలు మోసే పడవకి పందెం ఎందుకమ్మా?"

దుర్గ మూల ఉన్న లారీ బ్యాటరీలు చూపించి, అవి చవకేగా అంది.

"అవి ఇంజను స్టార్ట్ చెయ్యడానికే. ఒక్క తన్ను తన్ని ఊరుకుంటాయి. గంటలకొద్దీ లాగితే లోపల ప్లేట్లు పోతాయి. మీ ఇళ్ళల్లో ఇన్వర్టరుకి పెట్టుకునే ట్యూబులర్ బ్యాటరీలు తీసుకోండి. సగం ఛార్జి ఖర్చయ్యేసరికి ఒడ్డుకొచ్చెయ్యాలి, బ్యాటరీల్లో నీళ్ళు చూసుకుంటూ ఉండాలి. కాకపోతే మహా బరువు."

"బరువుకేం లెండి. ఖాళీ పడవ ఊగకుండా మేం ఇసక బస్తాలు వేసుకుంటాం. వాటి బదులు ఇవి ఉంటాయి."

త్రిమూర్తుల్ని దాటుకుంటూ పోవాలన్న ఆశ ఆమెకు చావలేదు. కానీ లిథియం కొంటే అప్పు కింద పడవ మొదటి ఏడాదే చేతులు మారిపోతుంది. వాడు మట్టిగొట్టుకుపోయేదాకా తను ఏట్లో ఉండాలి. ట్యూబులర్లే వేయించుకొచ్చింది.

పడవ మెల్లగానే నడిచేది. చప్పుడు లేదు, తెట్టు లేదు. గణేష్‌బాబు ముందు పిలిచాడు, మిగతా రైతులు ఆయన వెనకే వచ్చారు. కిరాయిలు పోయిన త్రిమూర్తులు చివరికి దుర్గ వాళ్ళ వసారా ముందుకే వచ్చి నిలబడ్డాడు.

"వదినా, నేనూ కరెంటుకి మారదామనుకుంటున్నా. బ్యాటరీలు ఏవి చవకంటావు?"

దుర్గ అతన్ని ఎగాదిగా చూసింది. "లారీవి. షెడ్డుల్లో పాతవి కూడా దొరుకుతాయి. ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకో, మరిదీ."

అతను వెళ్ళాక సత్తియ్య వల మీంచి తలెత్తాడు. "మనవి అవి కావుగా?"

"కావు."

ఆయన మళ్ళీ వల మీదికి వంగాడు.

కొన్నాళ్ళకే, ఆటు నీరు సముద్రం వైపు లాగేస్తున్న వేళ, లారీ బ్యాటరీలు వేసుకున్న త్రిమూర్తులు పడవ ఏటి నడిమధ్యలో ఆగిపోయింది. కొట్టుకుపోయి మడచెట్ల బురదలో ఒరిగింది. మేత బస్తాలు తడిసి ఉబ్బుతున్నాయి. దుర్గ అటే వెళుతోంది.

"వదినా! తాడు వెయ్యి!"

ఆమె మోటారు ఆపింది. "ఎవరో ఒకరు చూస్తారులే మరిదీ. చూసి, చూశామని రైతులకి చెబుతారు," అంది. మళ్ళీ మోటారు వేసుకుని వెళ్ళిపోయింది. పోటు వచ్చేదాకా అతను మోకాలి లోతు బురదలో నిలబడ్డాడు.

తడిసిన మేత సంగతి గట్లన్నీ పాకింది. ఆ తర్వాత అతన్ని పిలిచిన రైతు లేడు. పడవ అమ్ముకుని భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ పనికి పోయాడు.

"చాలు దుర్గా, ఇంక వదిలెయ్," అన్నాడు సత్తియ్య.

"నీకు చాలేమో. నాకు చాల్లేదు."

వాడు పోతే మొగుడు మళ్ళీ తెడ్డు పడతాడని ఆమె మనసులో ఎక్కడో ఉండేది. ఆయన రాలేదు. ఒక్కతే వెళుతుంది. బస్తాలు దింపే చోట, ఆ రోజు చెప్పెత్తిన రైతులే ఇప్పుడు "జాగ్రత్త దుర్గమ్మగారూ" అంటూ చెయ్యందిస్తారు. ఆమె ఆ చేతులవైపు చూడదు. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, నీళ్ళలోకే దిగి గట్టెక్కుతుంది.