దసరా నాడు లేవని కంప్యూటరు

ఇప్పుడు ఫొటో తీయడం ఎంత తేలికో, తీసిన ఫొటోని మరిచిపోవడం అంతకంటే తేలిక. మా కుర్రతనంలో అలా ఉండేది కాదు. పెళ్లి చేసినవాళ్లు ఆల్బం కోసం స్టూడియో చుట్టూ చెప్పులు అరిగేలా తిరిగేవారు. స్టూడియోవాడు కొత్తల్లుడి కంటే ఎక్కువ బెట్టు చేసేవాడు. సీతాఫల్‌మండిలో మా మేనమామ స్టూడియో అలాంటిదే. ఆల్బం ఎప్పుడిస్తావని ఎవరడిగినా ఆయన నోట వచ్చే మాట ఒకటే, రేపు. అందుకని బస్తీలో అందరూ ఆయన్ని రేపు మావయ్య అనేవారు (ఎదురుగా కాదు లెండి). నేను డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క ఆయన ఇంట్లోనే తిని, ఆయన స్టూడియోలోనే కూర్చునేవాణ్ణి. ఊరికే కూర్చుంటే బాగుండదని స్టేషన్ దగ్గర ఒకచోట కంప్యూటర్లు బాగుచేయడం కొన్నాళ్లు నేర్చుకున్నాను. నేర్చుకున్నది గోరంత, చెప్పుకున్నది కొండంత. మావయ్య నన్ను ఇంజినీరూ అని పిలిచేవాడు. అందులో ఉన్న వెటకారం నాకు చాలాకాలం అర్థం కాలేదు.

మా అమ్మమ్మ, అంటే మావయ్య తల్లి, మాతోనే ఉండేది. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఎన్నేళ్లయినా ఆవిడ మాట మారలేదు, పద్ధతీ మారలేదు. తాతయ్య దర్జీ. ఆయన బతికున్న రోజుల్లో ఆయుధపూజకి ముందు కుట్టుమిషన్ని మొత్తం విప్పి, తుడిచి, నూనె పోసి, మళ్లీ బిగించేవాడట. అందుకని స్టూడియోలోని కెమెరాలకీ లైట్లకీ, ముఖ్యంగా కంప్యూటర్‌కీ అదే మర్యాద జరగాలని ఆవిడ పట్టు. పైపైన తుడిచి బొట్టు పెడితే అమ్మవారికి తెలియదనుకుంటున్నావా అని మావయ్యని నిలదీసింది. మావయ్య నావైపు చూశాడు. ఆ చూపు కోసమే కదా నేను అన్నాళ్లుగా ఎదురుచూస్తున్నది.

నవమి నాడు పొద్దున్నే సీపీయూ డబ్బా మూత విప్పాను. లోపల దుమ్ము దూది పరుపులా పేరుకుని ఉంది. బ్లోయర్ పెట్టి ఊదాను, ర్యామ్ పీకి తుడిచాను, ఫ్యాను విప్పి కడిగినంత పని చేశాను. అన్నీ బిగించాక చూసుకుంటే అరచేతిలో ఒక స్క్రూ మిగిలింది. ఎక్కడిదో ఎంత ఆలోచించినా తట్టలేదు. నెమ్మదిగా జేబులో వేసుకున్నాను. మధ్యాహ్నం అమ్మమ్మ సాన మీద చిక్కగా గంధం తీసి, అన్నిటికీ గంధం బొట్లు పెట్టి, మీద కుంకుమ అద్దింది. సీపీయూ దగ్గరికి వచ్చేసరికి బొట్టు ఎక్కడ పెట్టాలో తోచక ఆగింది. దాని ముఖం ఎటువైపురా అని నన్నే అడిగి, నేను చూపించిన వైపు బొటనవేలితో గట్టిగా అదిమి పెట్టింది. దశమి నాడు తను వచ్చి ఉద్వాసన చెప్పేదాకా బొట్లు చెరగకూడదని హెచ్చరించి, మాచేత కరెంటు తీయించి, మమ్మల్ని ఇంటికి తీసుకుపోయింది.

దసరా నాడు మేము స్టూడియో తెరవం. ఆ రోజు తెరవాల్సి వచ్చింది పహిల్వాన్ కోసం. ఆయన మా వీధి చివర ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు తాలీంలో కుస్తీలు పట్టాడని, ఒకసారి కోపం వచ్చి ఒక మనిషిని స్కూటర్‌తో సహా ఎత్తి అవతల పెట్టాడని చెప్పుకునేవారు. శ్రావణంలో ఆయన కూతురి పెళ్లి ఫొటోలు మావయ్యే తీశాడు. ఆల్బం ఇంకా రేపులోనే ఉంది. ఆ పొద్దున ఆయన ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడి, వాళ్ల నాన్న పోయి పదిరోజులవుతోందని చెప్పాడు. ఆ చావు కబురు అప్పుడే విని కూడా, మేము పండగ హడావుడిలో పడి వెళ్లలేదు. తలలు దించుకున్నాం.

"బాపుది ఒక్క ఫొటో సుత లేదు తమ్మీ ఇంట్ల," అన్నాడు పహిల్వాన్. "కెమెరా జూస్తె దాసుకునేటోడు. బిడ్డ పెండ్లిల నువ్ దీసినవ్ గద, గదొక్కటే ఉన్నది. రేపు దినాలున్నయి. జెర పెద్దగ జేసి ఇయ్యి."

(ఓటరు కార్డు మీద ఒక ఫొటో ఉందట గానీ, అందులో ఉన్నదెవరో సొంత కొడుకే పోల్చుకోలేకపోయాడట.)

ముగ్గురం స్టూడియోకి వచ్చాం. మావయ్య షట్టర్ ఎత్తి లోపలికి రమ్మంటే పహిల్వాన్ రానన్నాడు. తమకు మైల ఉందని, మేము పూజ పెట్టుకున్నామని, బయటే కూర్చుంటానని చెప్పి, స్టూలు లాక్కుని మాకు వీపు పెట్టి వీధివైపు తిరిగి కూర్చున్నాడు. ఆ వీపు తలుపంత ఉంది. ఆ తర్వాత నాకు జరిగినదంతా ఆ వీపు వెనకాలే జరిగింది.

నేను గోడ మీద స్విచ్ వేశాను. ఇంకా బటన్ ముట్టుకోనే లేదు, సీపీయూ తనంతట తానే గుర్రుమంటూ లేచింది. బొట్టు చెరపకుండానే పని జరిగిపోతోందని లోపల సంతోషించాను కూడా. ఆ సంతోషం తీరకముందే ఫ్యాను ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. తెర నల్లగానే ఉంది. స్విచ్ తీసి మళ్లీ వేశాను. మళ్లీ ముట్టకుండానే లేచింది, మళ్లీ అలాగే పోయింది. ముట్టకుండా లేచే యంత్రం గురించి మాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. నా చెయ్యి జేబులోకి పోయి స్క్రూని తడుముకుంది.

మావయ్య నా పక్కకి వచ్చి, బయటికి వినపడకుండా ఏమైందని అడిగాడు. ఏమీ కాలేదన్నాను. ఏమీ కాకపోతే నీ ముఖం అలా ఎందుకుందన్నాడు. కెమెరా కార్డుల్లో ఆ ఫొటోలు ఉంటాయి కదా అని నేను గుసగుసగా అడిగితే, అవి చెరిపేసి ఈమధ్యే ఒక బారసాల తీశానన్నాడు. ఇద్దరం ఆ డబ్బా వైపు చూశాం. చనిపోయిన మనిషి ముఖం ఈ భూమ్మీద ఇంకెక్కడా లేదు, దానిలోనే ఉంది. దాన్ని నిన్న విప్పినవాణ్ణి నేను. అంతకుముందు పరీక్ష తప్పినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

మూత విప్పాను. ర్యామ్ పీకి, పెన్సిల్ రబ్బరుతో దాని పళ్లు రుద్ది పెట్టాను. లేచింది, పోయింది. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ గుచ్చాను. లేచింది, పోయింది. కరెంటు సరఫరా చేసే డబ్బా కాలిందేమోనని ముక్కు పెట్టి వాసన చూశాను. గంధం వాసన తప్ప ఏమీ రాలేదు. హార్డ్ డిస్క్ ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించొచ్చని నాకు తెలుసు, అంతవరకు క్లాసుకి వెళ్లాను. కానీ ఆ ఇంకో కంప్యూటర్ ఏదీ? వీధిలో ఒక్క షట్టర్ తెరిచి లేదు. తెలిసినవాళ్లందరికీ మావయ్య ఫోన్ చేస్తే ఒకరు ఊరెళ్లారు, ఒకరు అత్తారింట్లో ఉన్నారు, ఒకరు పండగ పూట పని మాట ఎత్తొద్దన్నారు. చుట్టుపక్కల ఉన్న కంప్యూటర్లన్నీ తాళాల వెనక బొట్లు పెట్టుకుని హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నాయి. నేను మాత్రం అమ్మమ్మకి భయపడి ఆ బొట్టు తగలకుండా, డబ్బా ముఖాన్ని పసిపిల్ల తలలా పట్టుకుని పక్కకి తిప్పుతూ, అటునుంచీ ఇటునుంచీ చేతులు దూర్చి పనిచేస్తున్నాను.

బయట ఆ వీపు కదలలేదు. ఒకసారి దగ్గింది. నా చేతిలో ఉన్నవి కింద పడ్డాయి. కోపం పెరుగుతోందనుకున్నాను, స్కూటర్ సంగతి గుర్తొచ్చింది. నేను స్కూటర్ కంటే తేలిక. వెనక తలుపు లేని స్టూడియో కట్టించినందుకు మావయ్యని మనసులో తిట్టుకున్నాను. అంతలో పహిల్వాన్ వెనక్కి తిరక్కుండానే, అయితదా తమ్మీ అని అడిగాడు. మావయ్యకి ఏళ్ల తరబడి పట్టిన అలవాటు. నోరు దానంతట అది తెరుచుకుని "రే" దాకా వెళ్లింది. మిగిలిన అక్షరం ఆయన మింగడం నేను కళ్లారా చూశాను.

"రేపు అనకు తమ్మీ," అన్నాడు పహిల్వాన్ నెమ్మదిగా. "రేపు నాకు లేదు."

అరిచినా బాగుండేది. ఆ మెల్లని మాటకి మావయ్య కుర్చీలో కూలబడ్డాడు. అంత భయంలోనూ నాకు కొత్తగా ఇంకో సంగతి తట్టింది. ఈయన కొడతాడేమోనని కాదు నేను భయపడాల్సింది, కొట్టకుండా లేచి ఇంటికి వెళ్లిపోతాడేమోనని.

సరిగ్గా అప్పుడు అమ్మమ్మ ఉద్వాసనకి పళ్లెం పట్టుకుని వచ్చింది. బల్ల మీద వైర్లు వేలాడదీసుకుని ఉన్న కంప్యూటర్‌ని చూసి, పూజలో ఉన్నదాని పేగులు లాగి కూర్చున్నారేమిట్రా అంది. మావయ్య తల పట్టుకుని సంగతంతా చెప్పాడు. ఆవిడ మా ఇద్దరినీ పక్కకి జరగమని, వంగి దాని ముఖంలోకి చూసింది. గంధం ఎండి బీటలు వారి ఉంది.

"ఎండిపోయిన బొట్టుతో ఉంచితే ఏ తల్లి లేస్తుందిరా?" అని, చెంబులో నీళ్లతో కొంగు తడిపి, బొట్టుని రుద్ది రుద్ది తుడిచింది. తుడవగానే లోపల నుంచి టక్కుమని చిన్న చప్పుడైంది.

ఆ చప్పుడు మావయ్య వినలేదు, అమ్మమ్మ వినలేదు. నేను విన్నాను. గంధం కింద ఉన్నది పవర్ బటన్. గుండ్రంగా, నడిమధ్యన, బొట్టు కోసమే చేసినట్టు ఉండేది. ఆవిడ బొటనవేలు అదిమినప్పుడు లోపలికి పోయి, గంధంలో అతుక్కుని రాత్రంతా అలాగే ఉండిపోయింది. అందుకే కరెంటు రాగానే ఎవరో నొక్కినట్టు లేచేది; ఇక బటన్ నొక్కిపట్టి ఉంచితే యంత్రం ఆరిపోతుందన్నది క్లాసులో చెప్పిన మొట్టమొదటి పాఠం. లోపలున్న ప్రతి ముక్కనీ పీకి చూశాను గానీ, ముఖాన ఎర్రగా కనిపిస్తున్నదాన్ని ముట్టుకోలేదు. అమ్మమ్మ చెరపొద్దంది కదా మరి.

అమ్మమ్మ కొత్త బొట్టు పెట్టబోతుంటే, బటన్‌కి పక్కన పెట్టమని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. బటన్ నొక్కాను. ఫ్యాను తిరిగింది. ఊపిరి బిగబట్టాను. అది మూలిగే సమయం వచ్చింది, దాటింది, ఇంకా తిరుగుతూనే ఉంది. తెర వెలిగింది. స్పీకర్లలోంచి, అది లేచినప్పుడల్లా వచ్చే పాట ముక్క మోగింది. బయట ఆ వీపు మొదటిసారి ఇటు తిరిగింది.

పహిల్వాన్ నాన్న ఫొటో దొరకడానికి ఇంకాస్త సమయం పట్టింది (మావయ్య ఫొటోలు దాచే తీరు గురించి చెప్పుకోకపోవడమే మంచిది). అప్పగింతలకి ముందు ఎవరో లడ్డూ నోట్లో కుక్కబోతుంటే ముసలాయన వద్దంటూ బోసినోటితో పగలబడి నవ్వుతున్నాడు. కెమెరా ఉన్నట్టే ఆయనకి తెలియదు. పహిల్వాన్ గడప అవతల నిలబడి మెడ చాచి చూస్తున్నాడు, అడుగు మాత్రం లోపల పెట్టడు. అమ్మమ్మ అది చూసింది.

"లోపలికి రా నాయనా. పూజ అయిపోయింది, ఉద్వాసన చెప్పేశాను," అంది. పళ్లెంలో కర్పూరం వెలిగించకుండా అలాగే ఉంది. ఆవిడ జీవితంలో పూజ విషయంలో ఆడిన అబద్ధం అదొక్కటే అయివుంటుంది.

పహిల్వాన్ లోపలికి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. పొద్దుటినుంచీ నేను కోపం అనుకున్నది ఏమిటో ఆ ముఖం చూశాక తెలిసింది. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా కళ్లు తుడుచుకోవడం చూడలేక నేను నా చెప్పుల వైపు చూశాను.

"ఇంట్ల గిట్ల నవ్వంగ నేనెన్నడు సూడలే," అన్నాడు. మావయ్య వైపు తిరిగి, "మీ అమ్మది ఉన్నదా తమ్మీ ఫొటో?" అని అడిగాడు.

ఊరందరి ఫొటోలూ తీసిన మావయ్య కన్నతల్లికి ఒక్క ఫొటో కూడా తీయలేదు. పహిల్వాన్‌కి ప్రింట్ ఇచ్చి పంపాక, పండగ చీరలో ఉన్న అమ్మమ్మని ఆ కంప్యూటర్ పక్కనే కూర్చోబెట్టి, రేపు అనకుండా అప్పటికప్పుడు ఫొటో తీశాడు. ఆ తర్వాత చాలాకాలం అమ్మమ్మ వచ్చినవాళ్లందరికీ, ఇంజినీరు వల్ల కాని కంప్యూటర్‌ని తను ఎలా లేపిందో చెప్పుకుంది. నేను ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ఆవిడ లేపిన మాట నిజమే కదా.

ఇప్పుడు నేను ఒక ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటాను. ఏదైనా విప్పి బిగించాక బటన్ నొక్కితే, ఆ మొదటి కాసేపు నా ఊపిరి నాకు తెలియకుండానే ఆగుతుంది. పక్కవాళ్లు నవ్వుతారు. ఆ మిగిలిన స్క్రూ ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. అమ్మమ్మ ఇప్పుడు మా హాల్లో గోడ మీద ఉంది, మావయ్య ఆ రోజు తీసిన ఫొటోలోనే. దసరాకి మా ఆవిడ ఆ అద్దం తుడిచి బొట్టు పెడుతూ, ఇంత మంచి చీర, కొంగు దగ్గర ఈ ఎర్ర మరక ఏమిటో, కంప్యూటర్‌లో చెరిపించకూడదా అని ప్రతి ఏడూ అంటుంది. రేపు చెరుపుతాలే అంటాను.