ఒక్కరికి సరిపోయే బ్యాటరీ

మా ఇంట్లో ఆలుమగలు మాట్లాడుకోవడానికి చోటు లేదు. రెండు గదులు, అత్తమ్మ, మరిది కుటుంబం, తెల్లారిందగ్గర్నుంచి అరిచే టీవీ. మొగుడి చెవిన ఒక మాట వేయాలంటే అది ముందు నలుగురి చెవుల్లో పడి, ఉప్పూ కారం కలుపుకొని ఆ తర్వాత ఆయనకు చేరుతుంది. అందుకే మా మాటలన్నీ పడవలోనే. ఆత్మకూరు అవతల, డ్యాం వెనక నీళ్లలో మాది చేపల వేట. నేను తెడ్డు వేస్తాను, ఆయన వల వదులుతాడు. పాపను ఏ కాలేజీలో చేర్పించాలన్నది, మా అన్న మీద నా అలక, ఆయనకు నిద్రలో వచ్చే పాడు కలలు, అన్నీ ఆ నీళ్ల మీదే మాట్లాడుకున్నాం.

ఏళ్ల తరబడి తెడ్డు వేసేసరికి నా కుడి భుజం పట్టేసింది. జాకెట్టులోకి చెయ్యి దూర్చాలన్నా కళ్లలో నీళ్లు తిరిగేవి. తెడ్డు మానేయమన్నాడు డాక్టరు. మానేస్తే పడవలో నాకేం పని? అందుకని నేనే ఒక ఉపాయం వెతికాను. పడవ వెనక తగిలించుకునే చిన్న కరెంటు మోటరు ఒకటి ఫోనులో కనిపించింది. డీజిలు లేదు, చప్పుడు లేదు. అది పెడితే నేను తెడ్డు ముట్టకుండా కూర్చుని వలలోంచి చేపలు విడిపించవచ్చు, కబుర్లు చెప్పుకోవచ్చు. ఆయన్ను ఒప్పించడానికి రోజూ పోరు పెట్టాను, అదీ పడవలోనే. మోటరు తెప్పించాం. బ్యాటరీ మాత్రం కళ్లతో చూసి కొందామని ఇద్దరం కర్నూలు బస్సెక్కాం.

ఆటోలకూ ఇన్వర్టర్లకూ బ్యాటరీలు అమ్మే దుకాణం అది. కొట్టాయన ముందు మామూలు సీసం బ్యాటరీ చూపించాడు. చవకే. కానీ బండ బరువు, రోజూ చార్జింగుకు ఇంటికి మోసుకురావాలి, పైగా పడవలో సగం చోటు అదే తినేస్తుంది. నేను కూర్చునేదెక్కడ? మా ఆయన నోరు తెరవకముందే "అది వద్దు, లిథియమే కావాల" అన్నాను. లిథియంలో మరీ చవకది ఒకటి ఎత్తి చూశాను. మీద అంకెలు పెద్దవి, చేతికి మాత్రం బరువే లేదు.

"అది పాత బండ్ల సెల్లులు ఏరి కట్టింది అక్కా. నీళ్ల మధ్యలో నిలిచిపోతే నన్ను తిట్టుకుంటారు" అని కొట్టాయనే దాన్ని పక్కన పెట్టాడు. తర్వాత కొత్త సెల్లులవి తెచ్చాడు. ఎక్కువ లాగినా, మరీ ఖాళీ అయినా పాడు కాకుండా దానంతట అదే ఆపేసే ఏర్పాటు లోపల ఉందట. అందులో పెద్దదీ ఉంది, చిన్నదీ ఉంది. పెద్దదాని ధర మేము అనుకున్నదానికి కొంచెం ఎక్కువే. అయినా నా మనసు దాని మీదే.

"పడవలో ఎంతమంది ఎక్కుతారప్పా? దాన్ని బట్టి చెప్తా" అన్నాడు కొట్టాయన.

"నేనొక్కన్నే భాయ్" అన్నాడు మా ఆయన.

నా పక్కనే నిలబడి అన్నాడు. నేను తేరుకునేలోపే, "ఈమెకు భుజం నొప్పి శానా ఉండాది. ఇంక నీళ్లల్లో తిప్పేది లేదు. ఇన్నేండ్లు కష్టపడింది చాలు" అని నా వైపు చూసి నవ్వాడు. కొత్త చీర తెచ్చి చేతిలో పెట్టినవాడి నవ్వు అది.

నాకు కోపం ముక్కు మీదుంటుంది. "నేనూ వస్తా" అంటే సరిపోయేది. ఆ ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు. నన్ను అడక్కుండానే నా సంగతి తేల్చేశాడన్న మంటలో, "ఔ భాయ్, చిన్నదే ఇయ్యి. నాకేమి, ఇంట్లో కాళ్లు జాపుకొని కూచుంటా" అన్నాను. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అన్నట్టు ఆయన మొహం వెలిగింది. "చూస్తివా భాయ్, ఎంత సంబరమో!" అన్నాడు. తిరుగు బస్సులో బ్యాటరీని ఒళ్లో పెట్టుకుని దారంతా కునికాడు.

అబద్ధమెందుకు, మంచి బ్యాటరీ. ఒక మనిషి, వలలు, పడిన చేపలు, ఇంతవరకు దానికి సరిగ్గా సరిపోతోంది. నా భుజం కూడా నెమ్మదించింది. "నీ మొగుడు నిన్ను రాణిని చేసి కూచోపెట్టినాడు కదమ్మే" అంటారు చుట్టుపక్కల ఆడవాళ్లు. నవ్వి ఊరుకుంటాను. లోపల మాత్రం ఏడుపొస్తుంది.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. సరే, అడుగుదామని ఒక పొద్దున గట్టు దాకా వెంట వెళ్లాను. "ఈ పొద్దు నేనూ వస్తా మామా" అన్నాను. ఆయన కసురుకోలేదు. బ్యాటరీ మీద చార్జింగు చూపే గీతలు చూశాడు, నీళ్ల మీద గాలి చూశాడు. "ఇద్దరికి చాలదుమ్మే. ఎదురుగాలి లేస్తాండాది. మధ్యలో నిలిచిపోతే మళ్లా నువ్వే తెడ్డెయ్యాల" అన్నాడు. లెక్కలో తప్పేమీ లేదు. పెద్దది కొనమందామంటే, ఉన్నది బాగానే నడుస్తుంటే ఇంకొకటెందుకని ఇంటిల్లిపాదీ అడుగుతారు. ఎందుకో చెప్పాలంటే అది ఆ ఇంట్లో చెప్పుకునే మాట కాదు.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి టీవీ మూగబోయింది. అత్తమ్మా వాళ్లూ పెళ్లికి వెళ్లారు. ఆయనకు సంగటి పెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"ఆడ ఒక్కనివే అంతసేపు ఏం చేస్తాంటావు మామా?"

"ఏముండాది? నీతో మాట్లాడతాంటా" అన్నాడు ముద్ద తుంచుతూ.

కొంచెం ముందుకు జరిగాను. "ఏం మాట్లాడతావో ఇప్పుడు చెప్పు. ఇంట్లో ఎవరూ లేరు" అన్నాను.

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, పాపం. "అన్నీ ఆడనే చెప్పేసినా కదమ్మే. ఇంకేముండాది చెప్పనీకి?" అని, ఇంకొంచెం పులుసు పోయమన్నాడు. పోశాను.